గొంతుకు మార్కులు: ఫోన్ ఇంటర్వ్యూ చుట్టూ తెగని తగవులు

టెలిఫోనిక్ రౌండ్ ఉందని తెలిస్తే చాలు, ఉద్యోగార్థి మీద సలహాలు వచ్చిపడతాయి. నిలబడి మాట్లాడు, గొంతు తేటగా వస్తుందని ఒకరంటారు. కుదురుగా కూర్చో, లేకపోతే ఆయాసం వినిపిస్తుందని మరొకరు. జవాబులన్నీ రాసి ఎదురుగా పెట్టుకోమనేవారు కొందరైతే, చదివితే ఇట్టే దొరికిపోతావని బెదిరించేవారు ఇంకొందరు. జీతం సంగతి మొదటి కాల్‌లోనే తేల్చుకోమని ఆఫీసులో సీనియర్ చెబుతాడు. చచ్చినా అంకె నోరు జారొద్దని కోచింగ్ మాస్టారు చెబుతాడు. పోనీ పరిశోధకులనైనా అడుగుదామంటే వాళ్ల మాటా ఒకటిగా లేదు. ఫోన్‌లో అభ్యర్థికి మార్కులు తగ్గుతాయని ఒక అధ్యయనం తేలిస్తే, మరుసటి ఏడాదే పెరుగుతాయని ఇంకొకటి తేల్చింది.

విడివిడిగా చూస్తే ఈ సలహాల్లో చాలావరకు సబబైనవే. చిక్కు పేరుతో వచ్చింది. ఫోన్ ఇంటర్వ్యూ అనే ఒకే మాటతో మూడు వేర్వేరు పనులను పిలుస్తున్నాం. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి విషమవుతోంది.

పేరు ఒకటి, పనులు మూడు

మొదటిది హెచ్‌ఆర్ కాల్. తరచూ చెప్పాపెట్టకుండా వస్తుంది. అవతలి వ్యక్తి ముందు ఒక ఎక్సెల్ షీటు తెరిచి ఉంటుంది: మొత్తం అనుభవం, ఈ పనికి సంబంధించిన అనుభవం, ప్రస్తుత సీటీసీ (ఏడాది మొత్తం జీతభత్యాలు), ఆశిస్తున్న సీటీసీ, నోటీస్ పీరియడ్, ఇప్పుడున్న ఊరు, వెళ్లడానికి ఒప్పుకునే ఊరు, చేతిలో వేరే ఆఫర్ ఉందా. ఆ గళ్లు నింపడమే ఆ కాల్ పని. జావాకీ జావాస్క్రిప్టుకీ తేడా ఆ గొంతుకు తెలియకపోవచ్చు, తెలియాల్సిన అవసరమూ లేదు. “నోటీస్ పీరియడ్ ఎంతండీ?” అని అడిగినప్పుడు “తొంభై రోజులు, మాట్లాడుకుంటే అరవైకి తగ్గుతుంది” అన్నవాడి గడి నిండుతుంది. ఆ సందులో ప్రాజెక్టు కథంతా ఎత్తుకున్నవాడి గడి ఖాళీగా మిగులుతుంది. ఫోన్ పెట్టేశాక ‘ఇరగదీశాను’ అనుకునేది మాత్రం ఈ రెండోవాడే.

రెండోది టెక్నికల్ రౌండ్. సమయం ముందే ఖాయం చేస్తారు, పని తెలిసినవాళ్లే అడుగుతారు. ఇక్కడ క్లుప్తత ఒక్కటే సరిపోదు. ఎలా ఆలోచించి ఆ జవాబుకు చేరారో పైకి వినిపించాలి. ముఖం కనపడదు కాబట్టి మౌనంగా ఆలోచిస్తే అది తెలియకపోవడంగానే లెక్కకొస్తుంది.

మూడోది క్లయింట్ కాల్. జీతమిచ్చేది ఒకరు, పని చేయించుకునేది ఇంకొకరు, మధ్యలో వెండర్లు ఒకరో ఇద్దరో ఉండే కన్సల్టెన్సీ వ్యవహారంలో ఇది ప్రాణం. ఎండ్ క్లయింటుకు అభ్యర్థి ఆశయాలతో నిమిత్తం లేదు, వచ్చే సోమవారం సీట్లో కూర్చుని పని అందుకుంటాడా లేదా అన్నదే కావాలి. మొదటిది జల్లెడ, రెండోది పరీక్ష, మూడోది దాదాపు సరుకు చూసుకోవడమే.

ఇంత తేడా ఉన్నా, ఫోన్ ఎత్తినవాళ్లలో “ఇది ఏ రౌండండీ, ఎంతసేపు పడుతుంది, ఎవరు మాట్లాడతారు?” అని అడిగేవాళ్లు తక్కువే. అడిగితే తప్పు పడతారేమోనన్న బెరుకు. నిజానికి సలహాల పుస్తకం సగం ఆ ఒక్క ప్రశ్నతో అనవసరమైపోతుంది.

ఇంటర్వ్యూ కార్డు నుంచి రింగ్‌టోన్ దాకా

తపాలాలో ఇంటర్వ్యూ కార్డు అందుకుని, దాన్ని సర్టిఫికెట్ల సంచిలో భద్రంగా పెట్టుకుని మద్రాసుకో హైదరాబాదుకో రాత్రి రైలెక్కిన తరానికి ఫోన్‌లో ఉద్యోగం ఇవ్వడమంటే విడ్డూరం. 1990లలో ఎస్టీడీ బూత్‌లు వీధివీధికీ వచ్చాక, 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పరిస్థితి మారింది. కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీ చిక్కును సరిచేసే వై2కె పనుల కోసం అమెరికాకు మనుషులు కావలసివచ్చారు. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం 2001 నుంచి 2003 దాకా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 1,95,000కు పెంచింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న క్లయింటు మనిషిని చూడకుండానే, ఫోన్‌లో గొంతు విని తీసుకోవడం అలా మామూలైంది. శ్యాంగ్ బ్యావ్ 2007లో ప్రచురించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ ఈ వ్యవస్థను హైదరాబాదు, సిడ్నీల మధ్య తిరిగి చూసి రాసిన పుస్తకం. అందులో ప్రధాన పాత్రలు చాలావరకు ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిన కుర్రాళ్లే.

దేశం లోపల ఫోన్ ఇంటర్వ్యూ వేళ్లూనుకోవడానికి ఇంకొంత కాలం పట్టింది. 1995 జులై 31న దేశంలో తొలి మొబైల్ కాల్ మోగింది గానీ, 2003 మే దాకా వచ్చే కాల్‌కు కూడా డబ్బు కట్టాలి. ఉద్యోగం ఇస్తామన్న కాల్‌కు అభ్యర్థి జేబుకే చిల్లు. ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే రిక్రూటర్లు రోజుకు పదులకొద్దీ నంబర్లు తిప్పే పద్ధతి కుదురుకుంది. 2016లో జియో, 2020లో కొవిడ్ వచ్చి వీడియోను ముందుకు తెచ్చినా, మొదటి జల్లెడ మాత్రం ఫోన్ దగ్గరే ఆగింది. చవక, త్వరగా అవుతుంది, లింకులు పంపాల్సిన పని లేదు.

ఇదే కాలంలో ప్రభుత్వాలు ఎదురు దారిన నడవడం గమనించాలి. కేంద్రం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు కూడా ఎత్తేసింది. మాట విని మార్కులేస్తే పక్షపాతానికి, పైరవీకి చోటిచ్చినట్టేనని ప్రభుత్వాలు తీర్మానించిన రోజుల్లోనే, ప్రైవేటు రంగం ఆ మాటనే మొదటి గడపగా పెట్టుకుంది.

పరిశోధకుల తగవు

ఈ అంశంపై అధ్యయనాలను మూడు వర్గాలుగా చూడవచ్చు.

గొంతు చాలనేది మొదటి వర్గం. 2001లో సుసాన్ స్ట్రాస్, సహచరులు ముఖాముఖి, వీడియో, ఫోన్ మూడింటినీ పోల్చి చూశారు. ఎదురుగా కూర్చున్నప్పటికంటే ఫోన్‌లోనే అభ్యర్థులకు మెరుగైన అంచనాలు దక్కాయి, అందచందాలు తక్కువని భావించినవారి విషయంలో ఈ తేడా ఎక్కువగా కనిపించింది. రూపం వేసే ముసుగును ఫోన్ తొలగిస్తుందన్న వాదనకు ఇది బలం. 2015లో జూలియానా ష్రోడర్, నికోలస్ ఎప్లే ఇంకో కోణం చూపారు. ఉద్యోగం కోసం ఎంబీఏ విద్యార్థులు చెప్పుకున్న మాటలనే కొందరికి రాతలో ఇచ్చారు, కొందరికి వినిపించారు, కొందరికి వీడియోగా చూపారు. చదివినవారికంటే విన్నవారికే ఆ అభ్యర్థులు తెలివైనవారుగా తోచారు. దానికి బొమ్మ జోడించినా అదనంగా ఒరిగిందేమీ లేదు.

ఫోన్ కోత పెడుతుందనేది రెండో వర్గం. 2000లో జోఆన్ సిల్వెస్టర్ బృందం ఒక బహుళజాతి చమురు కంపెనీకి దరఖాస్తు చేసిన పట్టభద్రులను పరిశీలించింది. వాళ్లకు ఫోన్‌లో వచ్చిన మార్కులు ముఖాముఖిలో వచ్చినవాటికంటే తక్కువ. మెలిండా బ్లాక్‌మన్ 2002లో తేల్చిందేమిటంటే, మనిషి స్వభావాన్ని అంచనా వేయడంలో ఫోన్ వెనకబడుతుంది. 2016లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కుప్పపోసి చూసిన విశ్లేషణలోనూ, యంత్రం మధ్యలో ఉన్న ఇంటర్వ్యూల్లో మార్కులూ తగ్గాయి, అభ్యర్థుల సంతృప్తీ తగ్గింది.

మూడో వర్గం అసలు ప్రశ్ననే మార్చింది. మాధ్యమాన్ని పట్టుకుని వేలాడకండి, అడిగే పద్ధతిని చూడండి అంటుంది. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో చేసిన పెద్ద విశ్లేషణలో, ముందే ప్రశ్నలు ఖరారు చేసి అందరినీ ఒకేలా అడిగే ఇంటర్వ్యూ పనితీరును అంచనా వేసే శక్తి 0.51, నోటికొచ్చింది అడిగేది 0.38 (ఒకటి వస్తే పరిపూర్ణ జోస్యం). 2022లో పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను సరిచేస్తే మొదటిది 0.42కు, రెండోది 0.19కి దిగాయి. రెండూ తగ్గినా వాటి మధ్య అంతరం పెరిగింది. ఫోన్‌కు సూటిగా సంబంధించినది ష్మిట్, మార్క్ రేడర్‌ల 1999 అధ్యయనం. ఫోన్‌లో ఒకే వరుస ప్రశ్నలడిగి, టేపు చేసి, తర్వాత తీరిగ్గా మార్కులేసే పద్ధతిని పరిశీలిస్తే, పై అధికారుల అంచనాలతో దాని పొంతన 0.40 దాకా వచ్చింది. ముఖం చూడకపోయినా కొంప మునగలేదన్నమాట.

పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి రెండు వర్గాల గొడవ కొంత డొల్ల. ఫోన్‌లో మార్కులు పెరిగాయా తగ్గాయా అన్నది అభ్యర్థులందరినీ ఒకే మాధ్యమంలో పలకరిస్తే పెద్ద సమస్య కాదు. ఒకరితో ఫోన్‌లో, ఇంకొకరితో ఎదురుగా మాట్లాడి ఇద్దరినీ ఒకే జాబితాలో వరస పెట్టినప్పుడే అన్యాయం జరుగుతుంది. స్థానికులను ఆఫీసుకు పిలిచి, దూరపు ఊళ్లవాళ్లకు ఫోన్ చేసే సంస్థలు ఇది పట్టించుకోవు. అనంతపురం కుర్రాడికీ గచ్చిబౌలి కుర్రాడికీ ఒకే ఉద్యోగానికి జరిగేవి నిజానికి రెండు పరీక్షలు. మూడో వర్గం వాదనే గట్టిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దానికి ఒక మినహాయింపు ఉంది: అది చెప్పేది సంస్థలు ఏం చేయాలో మాత్రమే. ఎక్సెల్ షీటు గొంతుకు చిక్కిన అభ్యర్థికి ఆ లెక్కలు చేసే ఉపకారం తక్కువ.

తీగ మీద ఏం పోతుంది, ఏం రాలిపోతుంది

సలహాల పుస్తకాలు దాదాపు తాకని భాగం ఇది. పాత ఫోన్ వ్యవస్థ మోసేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనిని మాత్రమే. స, ఫ, శ లాంటి అక్షరాల బలం చాలావరకు దానికి పైన ఉంటుంది. అందుకే ఫోన్‌లో ఎస్, ఎఫ్ ఒకేలా వినిపిస్తాయి. ఈమెయిల్ ఐడీ చెప్పేటప్పుడు “ఎస్ ఫర్ శ్రీకాకుళం” అనాల్సిరావడం చాదస్తం కాదు, భౌతికశాస్త్రం. ఇద్దరికీ వోల్టీ (4జీ మీద వెళ్లే కాల్) ఉంటే 7,000 హెర్ట్జ్ దాకా దారి తెరుచుకుంటుంది. మధ్యలో పాత కాన్ఫరెన్స్ లైన్ తగిలితే మళ్లీ ఇరుకు సందే. జీతం దగ్గర ఇది మరీ ప్రమాదం. ఇంగ్లీషులో పదిహేనుకూ యాభైకీ మధ్య ఫోన్‌లో వినిపించే తేడా ప్రధానంగా చివరి పొల్లే. “ఫిఫ్టీన్, వన్ ఫైవ్” అని విడదీసి చెప్పే అలవాటు ఇక్కడ కాపాడుతుంది.

అంతకంటే మాయదారిది ఆలస్యం. 2009లో తాన్యా స్టివర్స్ బృందం పది భాషల సంభాషణలను కొలిస్తే, ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య సందు సగటున సెకనులో అయిదో వంతు దగ్గర తేలింది. అంతర్జాతీయ టెలికాం ప్రమాణం ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే ఇబ్బంది లేదు, 400 దాటితే పనికిరాదు. ఆలస్యం పోనూ రానూ రెండుసార్లు పడుతుంది. కాబట్టి 150 దగ్గర కూడా అభ్యర్థి ఠక్కున ఇచ్చిన జవాబు అవతలివారికి అర సెకను తర్వాత వినిపిస్తుంది. 300 ఉంటే ముప్పావు సెకను పైనే. జర్మనీలో కట్రిన్ షోనెన్‌బర్గ్, సహచరులు 2014లో చూపిందేమిటంటే, లైన్ ఆలస్యాన్ని వినేవారు లైన్‌కు అంటగట్టరు, మాట్లాడే మనిషికి అంటగడతారు. శ్రద్ధ లేదనో, చురుకు లేదనో అనుకుంటారు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఈ ఆలస్యానికి తనవంతు జోడిస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్‌తో, కిటికీ దగ్గర సిగ్నల్ చూసుకుని కూర్చోమన్న మాట నాయనమ్మ వైద్యంలా వినిపిస్తుంది గానీ, ఆత్మవిశ్వాసం మీద వచ్చే వీడియోలన్నిటికంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

అమెరికా కాల్ అయితే గడియారం గొడవ ఒకటి. డాలస్‌లో ఉదయం పది అంటే మన దగ్గర వేసవిలో రాత్రి ఎనిమిదిన్నర, నవంబరు మొదటి ఆదివారం నుంచి తొమ్మిదిన్నర. ఆ వారంలో ఒక గంట తేడాతో చేజారే కాల్స్‌కు కారణం తెలివితక్కువతనం కాదు, క్యాలెండరు.

రాసుకోవాలా, వదిలేయాలా

సన్నద్ధత మీద రెండు బడులున్నాయి. కంఠస్థం బడి “టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్”కు పేరాగ్రాఫు రాసి, అద్దం ముందు నలభైసార్లు చెప్పిస్తుంది. అమీర్‌పేట నోట్సుల్లో దొరికే ప్రశ్నావళి సంప్రదాయం దీనిదే. సహజత్వం బడికి ఈ అప్పజెప్పే ధోరణి అంటేనే గిట్టదు. మధ్యలో పనికొచ్చే దారి 1980లలో మనస్తత్వవేత్తల పని నుంచి వచ్చింది. ‘ఇలా అయితే ఏం చేస్తావు’ అనే ప్రశ్నలను 1980లో గారీ లేథమ్ బృందం, ‘అప్పుడు ఏం చేశావు’ అనే ప్రశ్నలను 1982లో టామ్ జాంజ్ ప్రతిపాదించారు. పరిస్థితి, చేయాల్సిన పని, చేసిన పని, ఫలితం అని నాలుగు మెట్లలో జవాబు పేర్చుకునే పద్ధతి ఆ గతానుభవ ప్రశ్నలకు జతగా వాడుకలోకి వచ్చింది.

ఫోన్‌కు ఉన్న ఒకే ఒక్క పెద్ద సౌకర్యం కాగితం ఎదురుగా పెట్టుకోగలగడం. దాన్ని వదులుకోమనడం అర్థం లేని పౌరుషం. కాగితం మీద వాక్యాలుంటే గొంతు చదువుతుంది, ముక్కలుంటే గొంతు మాట్లాడుతుంది. ‘బ్యాచ్ జాబ్ – 6 గం. నుంచి 40 ని. – ఇండెక్స్’ అని ఒక్క గీత చాలు, మిగతాది నోరే అల్లుకుంటుంది. రెజ్యూమె ప్రింటు పక్కనే ఉండాలి. ల్యాప్‌టాప్‌లో వెతకబోతే టైపింగ్ చప్పుడు అవతల గూగుల్ చేస్తున్నట్టే వినిపిస్తుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి ఈ ముక్కలను ఏ భాషలో రాసుకోవాలన్నది నిజమైన ప్రశ్న. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చే క్షణం, పైన చెప్పిన అర సెకనుకు తోడవుతుంది. ఇంగ్లీషు ముక్కలే రాసుకుంటే ఆ భారం తగ్గుతుందనేవారి మాటే నిలిచేలా ఉంది. చోటు సంగతికొస్తే, బస్సులో ఉండగా కాల్ వస్తే “ఇరవై నిమిషాల్లో నేనే చేస్తానండి” అనడం మర్యాదే. రద్దీలో అరుస్తూ నింపిన గడి ఎవరికీ అక్కరకురాదు. ఇక రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అంటూ డబ్బడిగే కాల్ ఏ రౌండూ కాదు, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాల్సిన సంగతి.

యాస మీద పడే గీత

ఫోన్ రూపాన్ని దాస్తుంది, యాసను మాత్రం నడివీధిలో నిలబెడుతుంది. అమెరికాలో జాన్ బా, సహచరులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే మనిషి మూడు యాసల్లో ఇంటి యజమానులకు ఫోన్ చేశాడు. తెల్లవారు ఎక్కువున్న పేటల్లో, ప్రామాణిక ఇంగ్లీషు కాని యాసలకు ఇల్లు చూడ్డానికి రమ్మనడం తగ్గింది. ‘హలో’ అన్న ఒక్క మాటతోనే ఎక్కువమంది శ్రోతలు ఆ యాసను పోల్చగలిగారు. మన దేశంలో అభిజిత్ బెనర్జీ, మరియన్ బెర్ట్రాండ్ తదితరులు ఢిల్లీలో చేసిన ప్రయోగం (2009) పేర్ల మీద జరిగింది. సాఫ్ట్‌వేర్ దరఖాస్తుల్లో కులం తేడా కనబడలేదు గానీ, కాల్ సెంటర్ ఉద్యోగాల్లో ఓబీసీ పేర్లకు పిలుపులు తగ్గాయి. మాటతీరే సరుకైన చోట వివక్ష తలెత్తిందన్నమాట.

కాల్ సెంటర్ పరిశ్రమ ఈ యాసకు ‘ఎంటీఐ’ అని ముద్దుపేరు పెట్టింది, మాతృభాష ప్రభావమని. తెలుగువాళ్ల ఇంగ్లీషులో హల్లు చివర అచ్చు తగిలించడం, జడ్‌ను జగా పలకడం, ‘ఎగ్జామ్’ ముందు యకారం తేవడం ఇందులో గీత పడే లక్షణాలు. వినియోగదారుతో మాట్లాడే ఉద్యోగానికి అర్థమయ్యేలా పలకాలన్న షరతు న్యాయమే. రాత్రంతా సర్వర్ లాగులు చూసే ఉద్యోగానికి కూడా అదే చెవితో వినడాన్ని సమర్థించే ఆధారం ఏదీ లేదు. మాటలు కోటలు దాటి కాళ్లు గడప దాటనివాళ్ల గురించి మన సామెత ఎప్పుడో చెప్పింది. ఫోన్ జల్లెడలో రాలిపడేది తరచూ దానికి తలకిందులు: కాళ్లు కోట దాటగలవాళ్లు.

ఆ గొంతు ఎవరిది?

ముఖం కనపడని చోట మనిషినే మార్చవచ్చని కన్సల్టెన్సీ లోకం త్వరగానే కనిపెట్టింది. అదే ప్రాక్సీ. అనుభవమున్నవాడు ఒకడు కాల్ తీసుకుంటాడు, ఉద్యోగంలో చేరేది ఇంకొకడు. చేరాక పని నడవడానికి ‘జాబ్ సపోర్ట్’ అని మరో దుకాణం. దీన్ని సమర్థించేవారి వాదన కూడా ఉంది: ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నట్టు రెజ్యూమె మార్చి పంపింది వెండరే, కుర్రాడు అప్పుల్లో ఉన్నాడు, వీసా గడువు తరుముతోంది. జాలి పడదగ్గ పరిస్థితే. అయితే దాని బిల్లు కట్టేది తర్వాత నిజాయతీగా ఫోన్ ఎత్తే తెలుగు పేరున్న ప్రతివాడూ. 2022 జూన్‌లో ఇంటి నుంచి చేసే ఉద్యోగాల కోసం డీప్‌ఫేక్ గొంతులు, ముఖాలు వాడుతున్నారని ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఆ ఏడాది నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, ప్రశ్న విని జవాబు తెర మీద వేసే పరికరాలు వెల్లువెత్తాయి. 2025లో గూగుల్ కనీసం ఒక రౌండు ఎదురుగా ఉండేలా చూస్తోందని సుందర్ పిచాయ్ చెప్పారు. రైలెక్కి వెళ్లే ఇంటర్వ్యూ ఇలా దొడ్డిదారిన తిరిగొస్తోంది. దాని ఖర్చెవరిదన్న పాత ప్రశ్న కూడా దాని వెంటే ఉంది.

తేలనివి

పరిశోధనల్లో ఎక్కువభాగం అమెరికా, ఐరోపాలవి. రెండో భాషలో, ఆలస్యమయ్యే లైన్ మీద, మధ్యవర్తుల ద్వారా జరిగే ఇంటర్వ్యూకు ఆ అంకెలు ఎంతవరకు వర్తిస్తాయన్నది తెరిచి ఉన్న ప్రశ్న. కాల్ రికార్డు చేస్తే అభ్యర్థికి చెప్పాలా, ఎన్నాళ్లు దాచాలి అన్నదానికి సంస్థకో పద్ధతి.

అన్నిటికంటే కొత్తది, అటువైపు మనిషే లేని కాల్. గొంతు బాట్ ఫోన్ చేసి, నోటీస్ పీరియడ్ అడిగి, గళ్లు తానే నింపుకుంటోంది. అందరినీ ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు అడుగుతుంది కాబట్టి మూడో వర్గం పరిశోధకులు కోరిన పద్ధతి ఇదేనని కంపెనీల వాదన. ప్రశ్నలు ఒకటైనంత మాత్రాన చెవి నిష్పక్షపాతమైందని ఎలా అనగలం, తెలుగు యాసను అది సరిగా రాసుకుంటోందా అన్నది విమర్శకుల ఎదురుప్రశ్న. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2020 నుంచి, వీడియో ఇంటర్వ్యూలను ఏఐ విశ్లేషిస్తే అభ్యర్థికి ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. న్యూయార్క్ నగరం 2023 నుంచి ఇలాంటి పరికరాలకు పక్షపాత తనిఖీ తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్య 2024 చట్టం నియామకాల్లో వాడే ఏఐని అధిక ప్రమాద జాబితాలో చేర్చింది. మన 2023 వ్యక్తిగత డేటా చట్టం డేటా గురించి మాట్లాడుతుంది గానీ, యంత్రం ఎందుకు తిరస్కరించిందో అభ్యర్థికి చెప్పి తీరాలని అనదు. ‘ఇది ఏ రౌండండీ, ఎవరు మాట్లాడతారు’ అని ఇప్పుడు అడిగితే, ఆ బాట్ మర్యాదగా తన తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవచ్చు.